బోర్గిల్ పిన్నికి పంపిన సీసా

లేని పిన్నికి జబ్బు తెప్పించిన ఘనత మా ఆయనదే. నేను పక్కన నిలబడి తలూపాను, అంతే. అయినా తలూపడం మాత్రం తక్కువ తప్పా?

మే నెలలో వచ్చే జాతీయ పండుగకు ముందు శనివారం మా భవనంలో ఉన్నవాళ్ళంతా కలిసి పెరడు బాగుచేసుకుంటారు. దుగ్నాద్ అంటారు దాన్ని. ఆకులు ఊడ్చి, కంచెకు రంగేసి, చివర్న సాసేజీలు కాల్చుకు తింటారు. రానివాళ్ళను ఎవరూ ఏమీ అనరు. మెట్ల మీద ఎదురుపడితే వాన గురించి రెండు ముక్కలు మాట్లాడి తప్పుకుంటారు. ఏడాదంతా అలాగే. దానికంటే నాలుగు తిట్టినా నయం.

సరిగ్గా ఆ శనివారానికే నాకూ మా ఆయన ఐవిన్‌కూ ఒకేసారి సెలవు దొరికింది. ఎన్నాళ్ళ నుంచో చూడాలనుకుంటున్న రేవు పట్టణం బెర్గన్‌కు రైలు టిక్కెట్లు కొన్నాం. మెట్ల దగ్గర భవనం కమిటీ పెద్ద, శనివారం వస్తున్నారుగా అని అడిగేసరికి ఐవిన్ తడబడకుండా, "బెర్గన్‌లో మా బోర్గిల్ పిన్నికి బాగాలేదండీ," అనేశాడు. వాళ్ళ వంశంలో ఏడు తరాలు వెతికినా బోర్గిల్ అనే మనిషి లేదు.

బయల్దేరే పొద్దున కింది వాటా యోర్దిస్ తలుపు కొట్టింది. డెబ్బై దాటిన మనిషి. భర్త హల్వోర్ నిరుడు ఆకులు రాలే రోజుల్లో పోయాడు. ఆమె చేతిలో మూల్టె పళ్ళ జామ్‌తో చిన్న సీసా ఉంది.

"మీ పిన్నికివ్వండి. హల్వోర్ ఏరుకొచ్చిన పళ్ళు. ఇదే ఆఖరిది."

మూల్టె పళ్ళు అడవిలో ఎక్కడో చిత్తడి నేలల్లో కాస్తాయి. ఏరేవాళ్ళు ఆ చోటు ఎవరికీ చెప్పరు. హల్వోర్ పెళ్ళానికి కూడా చెప్పకుండానే పోయాడు.

"అయ్యో, వద్దండీ! మీరుంచుకోండి," అన్నాను.

"ఒక్కదాన్నే తింటుంటే గొంతు దిగట్లేదమ్మాయ్. జబ్బు మనిషి నోట్లో పడితే హల్వోర్ సంతోషిస్తాడు. మీ వంతు కంచెకు నేను రంగేస్తాలే. మీరు బెంగపడకండి."

ఐవిన్ రెండు చేతులా సీసా అందుకున్నాడు. సిగ్గులేని మనిషి! అందుకోనిచ్చిన నాకు మాత్రం ఉందా?

రైలు దిగేసరికి బెర్గన్‌లో వాన. అక్కడ వాన లేకపోతేనే వార్త. రేవు పక్కన ఒకదాని మీదొకటి ఒరిగిన చెక్క ఇళ్ళ మధ్య సందులన్నీ కాళ్ళు పీకేదాకా తిరిగాం. చేపల బజారులో వేడి సూపు తాగాం. ఐవిన్ కనబడిన ప్రతి గుమ్మానికీ ఫొటో తీశాడు. నా వీపు మీద సంచిలో సీసా, అడుగేసినప్పుడల్లా నడుముకు తగులుతూనే ఉంది.

"దాన్ని హోటల్లో పెట్టి రావచ్చుగా?" అన్నాడు.

"పగిలితే?"

"గదిలో ఎవరు పగలగొడతారే తోరున్?"

"నా దగ్గరే ఉండనీ. నువ్వు ఫొటోలు తీసుకో."

సాయంత్రం, తీగతో పైకి లాగే రైలెక్కకుండా కొండ మీదికి మలుపులు తిరుగుతూ నడిచాం. పైకి చేరేసరికి వాన వెలిసింది. కింద ఊరంతా, దాని వెనక సముద్రం తళతళలాడుతున్నాయి. తడి బెంచీ మీద కూర్చుని ఐవిన్ దాల్చినచెక్క రొట్టెలు తీశాడు.

"జామ్ ఒక్క చెంచా వేసుకుందామా? ఎవరికి తెలుస్తుంది?"

"మీ బోర్గిల్ పిన్నికి తెలుస్తుంది."

ఇద్దరం పకపకా నవ్వాం. అప్పుడే నా ఫోను మోగింది. యోర్దిస్ ఎవరితోనో తీయించుకున్న ఫొటో పంపింది. తడి గడ్డి మీద మోకాళ్ళేసుకుని, చేతిలో కుంచెతో, మా వంతు కంచె ముందు ఉంది. కింద, 'మీది అయిపోయింది. పిన్నికెలా ఉంది?' అని రాసింది. ఆ మోకాళ్ళతో ఆమె మెట్లే ఆగి ఆగి ఎక్కుతుంది. నా రొట్టె మళ్ళీ పొట్లంలో పెట్టేశాను.

"ఇంటికెళ్ళగానే నిజం చెప్పేసి సీసా తిరిగిచ్చేద్దాం," అన్నాను.

"నువ్వు చెప్పు."

"నీ మొహం! అబద్ధం నీది, నిజం నాదా?"

"సరే. నేనే చెప్తా," అన్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మేం కాలు కడుక్కోవడానికే ఆదివారం మధ్యాహ్నం సామాన్లతో సహా యోర్దిస్ తలుపు కొట్టాం. లోపల్నుంచి వాఫిళ్ళు అనే గళ్ళ అట్ల వాసన వస్తోంది. ఆమె గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు ఇంకా పోలేదు. ఐవిన్ చేతిలో మూత తీయని సీసా చూసి ఆమె మొహం పాలిపోయింది.

"పోయిందా?" అంది మెల్లగా.

నిజం చెప్పడానికి వచ్చినవాడు అవునన్నట్టు తలూపాడు.

వాణ్ణి అక్కడే నరకాలనిపించింది. ఆలోగానే యోర్దిస్ నన్ను దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. లోపల కూర్చోబెట్టి, పిన్ని పేరు మీద కిటికీలో కొవ్వొత్తి వెలిగించింది. వాఫిళ్ళు ముందు పెట్టి సీసా మూత తిప్పింది. ఆపడానికి నా చెయ్యి లేచింది గానీ అందలేదు.

"దుఃఖంలో ఖాళీ కడుపుతో ఉండకూడదు. తినండి," అంది. "హల్వోర్ పోయిన పొద్దున, ఆసుపత్రిలో, కాఫీ తెచ్చుకుందామని కిందికెళ్ళాను. వచ్చేసరికి అయిపోయింది. మీ పిన్ని అదృష్టవంతురాలు. పక్కన మీరిద్దరున్నారు."

"యోర్దిస్, మేము..."

"ఇప్పుడేం మాట్లాడకు తల్లీ. తిను."

తిన్నాను. తియ్యగా, పుల్లగా, పంటి కింద గింజలు చిట్లుతున్నాయి. ఎదురుగా ఐవిన్ తేలు కుట్టిన దొంగలా తల దించుకుని నములుతున్నాడు. యోర్దిస్ తన పళ్ళెంలో ఏమీ వేసుకోలేదు. మా మొహాలే చూస్తోంది.

"ఎలా ఉంది?"

"చాలా బాగుందండీ," అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. అది పిన్ని కోసమే అనుకుని ఆమె నా వీపు నిమిరింది.

"ఇంకొంచెం వేసుకో, తోరున్," అని చెంచాతో సీసా అడుగంతా గీకింది.

నేను పళ్ళెం ముందుకు జరిపాను.