రెండు కంపెనీల వీపీఎన్

నిషాత్ హిందూపురంలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేది. 2005లో ఆ ట్రస్టు ధర్మవరంలోని చిన్న ఆసుపత్రిని తనలో కలుపుకుంది. అక్కడ స్కానింగ్ ఉంది గానీ తలకు ఆపరేషన్ చేసే డాక్టరు లేరు. అక్కడి స్కాన్లు హిందూపురంలో ఆ ఆపరేషన్లు చేసే డాక్టర్ కమలాక్షి చూడటానికని రెండు ఊళ్ల కంప్యూటర్లను ఇంటర్నెట్ మీద గుట్టుగా కలిపే వీపీఎన్ పెట్టెలు రెండుచోట్లా పెట్టారు. ఒకటి ఒక కంపెనీది, రెండోది మరో కంపెనీది. లైను కలిసేది, కాసేపటికి తెగేది. అడిగితే, తప్పు అవతలివాళ్లదని రెండు కంపెనీలూ అనేవి.

ఒక మధ్యాహ్నం ధర్మవరం నుంచి స్కానింగ్ తీసే రాజశేఖర్ ఫోన్ చేశాడు.

"అక్కా, మా నల్లమ్మత్త మిద్దె మీదనుంచి పడింది. తలలో రక్తం కనపడతాండాది. బొమ్మలు పంపిస్తాండా, చూడు."

సగం బొమ్మ వచ్చి ఆగింది. నిషాత్ మళ్లీ కలిపింది, మళ్లీ తెగింది. అంత పెద్ద ఫైళ్లు మెయిల్లో పోలేదు. ధర్మవరం పెట్టె పాస్‌వర్డు కంపెనీ వాళ్ల దగ్గరే ఉంది. వాళ్లు ఫోన్ ఎత్తలేదు.

"ఈడ డాక్టరు బెంగళూరికా, హిందూపురానికా పంపేది అని అడుగుతాండాడు. అత్త కండ్లు తెరవడంల్యా అక్కా."

నిషాత్ కమలాక్షి గదికి పరుగెత్తింది.

"మేడమ్, ధర్మవరంలో ఒకామెకు తలలో రక్తం కనపడిందంట. స్కాన్ చూద్దామంటే ఈ లైను కలవదు. ఇంక దీన్ని నమ్ముకోవద్దు."

"స్కాన్ ఫిల్ములతో సహా ఆమెను బయల్దేరదీయమను. పెనుకొండకు మనం ఎదురుపోదాం," అంది కమలాక్షి.

బెంగళూరు, హిందూపురం దారులు చీలే పెనుకొండ దగ్గర రోడ్డు పక్కన అంబులెన్సు ఆగింది. కమలాక్షి ఫిల్మును ఎండకు ఎత్తి చూసింది.

"బెంగళూరు దాకా ఆగదు. మన దగ్గరికే పోనీ."

నల్లమ్మ బతికింది. కుడిచేయి మాత్రం లేవలేదు, మాట తిరిగి రాలేదు. ఇంకాస్త ముందు చూసుంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నిషాత్‌ను వదల్లేదు. 

మరుసటి నెల ఆమె పట్టుబట్టి రెండు కంపెనీల మనుషులనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పోయే డేటాకు వేసే రహస్య తాళాన్ని ఒక పెట్టె గడువు ప్రకారం మారుస్తోంది, రెండోది ఎంత డేటా పోయిందో చూసి మారుస్తోంది. పెద్ద బొమ్మలకు లైను తెగేది అందుకే. ఇద్దరూ తమ పెట్టెల్లో ఒకే లెక్క పెట్టారు. తెచ్చిన టీ చల్లారకముందే పని అయిపోయింది.

"ఇంతేనా," అంది నిషాత్. 

ఆమె రాజశేఖర్‌కు ఫోన్ చేసి లైను నిలబడిందని చెప్పింది.

"సరేక్కా," అన్నాడతను. "అత్తకు అన్నం తినిపిస్తాండా. అయినాక వచ్చి చూస్తా."