పగటి నిద్రకు కాపలా

బాలుకి రెండేళ్లు నిండాయి. పరుగెత్తుతాడు, గోడల నిండా గీతలు గీస్తాడు, చెప్పులు తెచ్చిచ్చి బయటికి పదమని చెయ్యి పట్టి లాగుతాడు. మాట మాత్రం ఒక్కటీ రాలేదు. తప్పెవరిదో నాయనమ్మ తులసమ్మ ఎప్పుడో తేల్చేసింది.

"వస పొయ్యవే అని కోడలికి నెత్తీ నోరూ కొట్టుకుని సెప్పేను. ఇన్నాదా? మా సురేశు ఏడాదికే గడగడా మాటాడీవోడు. ఈడికి ఆళ్ల మూగ మేనమావ పోలికొచ్చీసింది."

పక్కింటావిడతో అత్త అంటున్న ఆ మాటకి లక్ష్మీప్రసన్నకు ఒళ్లు మండిపోయింది. కానీ గట్టిగా ఒక్క మాట అనడానికైనా వీల్లేని ఇల్లది. హిందీ మాట్లాడే ఊళ్లో స్టీలు ప్లాంటు వాళ్లిచ్చిన సెక్టర్ సిక్స్ క్వార్టరు, రెండే గదులు. సురేశ్‌కి ప్లాంటులో ఫర్నేస్ దగ్గర పని. నైట్ చేసొచ్చి పడుకున్నాడంటే మధ్యాహ్నం దాకా కుక్కర్ కూయకూడదు, టీవీ పలకకూడదు. నిద్ర చాలక డ్యూటీలో కునుకు పడితే ప్రాణాలకే ముప్పు. అందుకే బాలు "తా తా" అని మొదలుపెట్టిన నాటి నుంచి ఎవరో ఒకరు వాడి నోరు మూసి "చుప్! నాన్న పడుకున్నాడు" అంటూనే ఉన్నారు. షిఫ్టు మారితే నిద్ర వేళ మారేది, చుప్ మారేది కాదు. నోరు మూసిన చేతుల్లో లక్ష్మీప్రసన్న చెయ్యీ ఉంది. ఆ సంగతి తలుచుకుంటే కోపం రెట్టింపయ్యేది.

ఆ పొద్దున సురేశ్ నైట్ నుంచి వచ్చి పడుకున్నాక, అత్తాకోడళ్లు బాలుని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ వాడి వెనక నిలబడి తాళాలగుత్తి కింద పడేసింది. వాడు గిరుక్కున తిరిగి, పెదాల మీద వేలుంచి, ఆవిడ వైపు గుర్రుగా చూశాడు.

"వినికిడికేం లోటు లేనట్టుంది. మీ ఇంట్లో పగలు ఎవరు పడుకుంటారు?" అని ఆవిడ హిందీలో అడిగింది. సురేశ్ షిఫ్టుల సంగతి లక్ష్మీప్రసన్న చెబితే డాక్టరమ్మ అంది: "మిగతా పరీక్షలూ చేద్దాం. ముందు వీణ్ని అరవనివ్వండి."

ఇంటికొచ్చారు. సురేశ్ నిద్రపోతున్న గది ముందు బాలు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. మునివేళ్ల మీద నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లాడు. రెండేళ్ల పసివాడు, దొంగలా!

లక్ష్మీప్రసన్న ఇక ఆగలేదు. స్టీలు పళ్లెం నేల మీద బోర్లించి, గరిటె వాడి చేతిలో పెట్టింది. "కొట్టు నాన్నా!"

"పిచ్చెక్కిందేటే నీకు? ఆడు నైట్ సేసొచ్చేడు!" అంది తులసమ్మ గొంతు తగ్గించి.

"నా కొడుకు రెండేళ్లుగా నైటే సేస్తన్నాడత్తా. ఇంక సెయ్యడు."

బాలు భయంభయంగా ఒక దెబ్బ వేశాడు. ఎవరూ ఆపలేదు. ఇంకోటి వేశాడు. ఆ పైన వాయించేశాడు. తలుపు భళ్లున తెరుచుకుంది.

"ఏటా గోల? చుప్!" సురేశ్ కళ్లు నిప్పుల్లా ఉన్నాయి.

బాలు చేతిలోంచి గరిటె జారింది. తండ్రిని ఎగాదిగా చూసి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"చుప్!" అన్నాడు.

అది వాడి తొలి మాట. సురేశ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. లక్ష్మీప్రసన్న గరిటె తీసి మళ్లీ కొడుకు చేతికిచ్చింది.