స్తూపంలోకి వెళ్ళిపోయిన అక్షరం

మా మంగోలియా పాత చదరపు లిపిలో అక్షరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి, ఒక్కటి తప్ప. అది మా మేనమామ చోయింపిల్ లామాకు చదువు చెప్పిన గురువుగారి పేరులో వస్తుంది. మతాన్ని నిషేధించిన రోజుల్లో ఆ గురువు గొర్రెలు కాస్తూ దొంగచాటుగా చదువు చెప్పి పోయాడు. ఫోటో లేదు, సమాధి లేదు. మిగిలింది పేరొక్కటే, అదీ ఆయన చేత్తో రాసుకున్న ఒక్క కాగితపు ఆకు మీద.

ఆ ఒక్కటీ ఎక్కించమని నేను అర్జీ పెడితే, ఎక్కడో విదేశంలో కూర్చున్న కంప్యూటర్ అక్షరాల కమిటీ పెద్దలు పాతరాత సాక్ష్యం పంపమన్నారు. మామయ్య మాట సాక్ష్యం కాదట. ఈ నెల దాటితే ఆ అక్షరం ఊసే ఎత్తరట. ఒళ్ళు మండిపోయింది. కెమెరా పట్టుకుని ఉలాన్‌బాతర్ నుంచి మామయ్య ఊరికి బయల్దేరాను.

మామయ్య ఉప్పు వేసిన పాల టీ పోశాడు.

"ఆ ఆకు తియ్యి మామయ్యా, ఫోటో తీసుకుంటా."

"ఇంకెక్కడి ఆకే? కొత్త స్తూపంలో పెట్టేశాం. మొన్ననే మూసేసి పూజ కూడా చేయించాం."

టీ గిన్నె కింద పెట్టేశాను. "ఎందుకు పెట్టావు?"

"ఎందుకేమిటే పిచ్చిమొహమా! కొత్త ప్రతి తయారయ్యాక చిరిగినదాన్ని స్తూపంలో పెట్టరూ? తెల్లనెల కొత్త ఏడాది పండక్కి వచ్చి నీ ఫోన్ మీద నా వేలితోనే రాయించుకున్నావుగా. ఇంక ఆ ముసలి ఆకునెందుకు కష్టపెట్టడం?"

నమూనాకి రాయించుకున్న వేలిరాత అది. కమిటీ దాన్ని చెత్తబుట్టలో వేస్తుంది. పూజ జరిగిన స్తూపాన్ని తవ్వనిమ్మంటే ఊరు ఊరుకోదు. ఊరిదాకా ఎందుకు, గురువుగారి పేరును తన చేతులతోనే పూడ్చేశానని తెలిస్తే మామయ్య బతకడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఏడుపొచ్చింది.

"ఏదీ, గురువుగారి పేరు చూపించు. సిటీలో మీరంతా ఫోన్లోనే చదువుకుంటారుగా" అన్నాడు.

తర్వాత చూద్దువుగానిలే అన్నా వినలేదు. ఫోన్లో పేరు టైపు కొట్టాను. మిగతా అక్షరాలన్నీ వచ్చాయి. మధ్యలో మాత్రం, తనకు తెలియని అక్షరం వస్తే ఫోన్ చూపించే ఖాళీ గడి.

మామయ్య కళ్ళకు శుక్లాలు. ఫోన్ ముక్కు దగ్గరకు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"చదరంగా ఎంత ముచ్చటగా వచ్చిందే! అదే కదూ?"

"అదే మామయ్యా" అన్నాను.

ఫోన్ రెండు చేతులతో ఎత్తి, ఆ ఖాళీ గడిని నుదుటికి ఆనించుకున్నాడు.