గడియ తీసే ఉంది

నేను ఒక టేకు తలుపును. సరిగ్గా చెప్పాలంటే, ఒకప్పుడు తలుపును. రంప కొండల్లో ఎక్కడ పుట్టానో నాకు గుర్తు లేదు. రాజమండ్రి కలప అడితికి వచ్చేసరికి నేనొక దుంగను, అంతే. అక్కడ మాకందరికీ మనుషులు ముందే పనులు పంచి పెట్టి ఉంచుతారు. నల్లమద్ది బరువు మోస్తుంది కాబట్టి దూలానికి, తుమ్మ నలగదు కాబట్టి బండి చక్రానికి, జిట్రేగి నునుపు తేలుతుంది కాబట్టి కలిగినవాళ్ల మంచాలకి, మామిడి చవక కాబట్టి పెట్టెలకి. టేకును మాత్రం ఎవరొచ్చినా వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వింటారు. వాళ్లకి ఏం వినబడుతుందో నాకు తెలియదు. నేనెప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నన్ను కొన్నాయన పేరు సత్యానందం. కొవ్వూరులో కరెంటు లైన్‌మన్. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు భార్యాభర్తలిద్దరూ క్రిస్మస్ ఆరాధనకి వెళ్లొచ్చేలోపు ఎవరో తలుపు పగలగొట్టి ఇల్లంతా ఊడ్చుకుపోయారట. అది మామిడి చెక్క తలుపు. అప్పటి నుంచి ఆయన దృష్టిలో ఇల్లంటే ముందు తలుపు. సొంత ఇల్లు కట్టుకునేటప్పుడు గోడల సంగతి మేస్త్రీకి వదిలేసి, తలుపు కోసం మాత్రం తానే అడితి చుట్టూ తిరిగాడు. మామూలు మందం చాలదు, దానికి రెట్టింపు కావాలని పట్టుబట్టాడు. వడ్రంగి పేరాచారి నా మీద చెయ్యి వేసి చూసి, పచ్చి ఇంకా ఆరలేదని, ఒక ఎండాకాలం ఆగితే మంచిదని అన్నాడు. గృహప్రవేశం ప్రార్థనకి పాస్టరుగారు తేదీ ఇచ్చేశారని సత్యానందం ఆగలేదు. వానల్లో బిగుసుకుంటే వచ్చి చిత్రిక పడతానులే అని ఆచారి కూడా సరేనన్నాడు.

వానలు వచ్చాయి. నేను ఉబ్బాను. ద్వారబంధంలో ఇరుక్కుపోయాను. ఆచారిని పిలవాలని ప్రతి వానాకాలం అనుకునేవారు. ఎండలు రాగానే నేను సన్నబడి బుద్ధిగా తెరుచుకునేదాన్ని. వాళ్లు మరిచిపోయేవారు.

నాతో అవస్థ పడింది సత్యానందం భార్య వేదమణి. ఇంట్లో వాళ్లిద్దరే ఉండేవారు, తలుపు తీయడం వేయడం ఎక్కువగా ఆవిడ పనే. కొద్ది రోజుల్లోనే ఆవిడ నా కిటుకు పట్టేసింది. బయటి నుంచైతే గడియ వైపు కింద మూలన కాలితో ఒక్క తాపు. లోపలి నుంచైతే పిడి పట్టుకుని కాస్త పైకెత్తి లాగాలి. భర్తకి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయన మోపెడ్ చప్పుడు వినబడగానే వచ్చి తీసేది. మా తలుపు ఏనుగు తోసినా కదలదని ఆయన చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకుంటుంటే, ఆవిడ వంటింట్లో నవ్వుకునేది.

ఒక ఆగస్టులో ముసురు పట్టింది. గాలివానకి లైన్లు తెగాయని మధ్యాహ్నం అన్నం తింటుండగా సత్యానందానికి ఫోను వచ్చింది. వెళ్తూ, ఎప్పటిలాగే గడియ వేసుకోమన్నాడు. ఆవిడ వేసుకుంది.

తర్వాత వంటింట్లో ఏదో పడిన చప్పుడైంది. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు వేదమణి నేల మీద పాకుతూ నా దగ్గరికి వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ ఆవిడ మాట వినడం లేదు. మూతి ఒక పక్కకి లాగేసింది. ఎడమ చేత్తో పిడి పట్టుకుని లేవబోయి జారింది. మళ్లీ లేచింది. ఎలాగో గడియ అందుకుని తీసింది. కానీ నన్ను ఎత్తి లాగే బలం ఇక లేదు. పక్క గోడకి జారగిలబడి, తల నా అంచుకి ఆనించింది.

అప్పుడే సత్యానందం వచ్చి తట్టాడు. వసారా రేకుల మీద వాన హోరుమంటోంది.

"ఏమండీ… గడియ తీశాను. కింద తన్నండి" అంది వేదమణి.

మాట ముద్దగా, సగం సగంగా వచ్చింది. ఆ కాస్త మాటనీ నేను మింగేశాను. ఆయన కోరి చేయించుకున్న మందం నాది.

ఆయన ఒకసారి తోశాడు. నేను కదల్లేదు. గడియ వేసుకుని నడుం వాల్చింది కాబోలు, పాపం లేపడం దేనికని గొణుక్కుని, గడప మీద కూర్చుని నాకు వీపు ఆనించాడు. తువ్వాలుతో తల తుడుచుకున్నాడు.

ఇటు ఆయన వీపు, అటు ఆవిడ తల. మధ్యలో నేను. ఆవిడ వేళ్లతో నన్ను గీకుతోంది. గడియ తీసి ఉందని నాకు తెలుసు. ఎక్కడ తన్నాలో తెలుసు. చెక్కకి తెలిసి ఏం లాభం? కిర్రుమనాలన్నా కాస్త కదలాలి కదా, బిగుసుకుపోయిన నాకు ఆ కిర్రు కూడా లేదు. వానైనా తెరిపి ఇస్తుందేమోనని చూశాను. తెరిపివ్వలేదు. కాసేపటికి ఆ వేళ్లు ఆగిపోయాయి.

ఎంతకీ లోపల అలికిడి లేకపోయేసరికి ఆయనకి భయం పట్టుకుంది. పిలిచాడు. భుజంతో గుద్దాడు. పరిగెత్తి వెళ్లి పక్కింటి బుల్లియ్యని గునపంతో సహా తీసుకొచ్చాడు. గునపం దూర్చడానికి సందు చేద్దామని బుల్లియ్య నా కింద మూలన కాలు పెట్టి ఒక్క నెట్టు నెట్టాడు. నేను తెరుచుకున్నాను.

బుల్లియ్య గడియ వైపు చూశాడు.

"గడియ తీసే ఉందన్నయ్యా" అన్నాడు.

సత్యానందం ఆ మాట విన్నట్టే లేడు. భార్యను ఎత్తుకుని వానలోకి పరుగు తీశాడు.

విన్నాడని తర్వాత తెలిసింది. ఆవిడని ఆసుపత్రి నుంచి తెచ్చాక, పనేమీ లేకపోయినా నా దగ్గరికి వచ్చి గడియ వేసేవాడు, తీసేవాడు, అలా చూస్తూ నిలబడేవాడు. ఆవిడకి ప్రాణం దక్కింది గానీ కుడి పక్క పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. మాట అసలే రాలేదు. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడట. ఇప్పుడు ఏమడిగినా ఆవిడ నోట ఒకటే శబ్దం. అన్నం పెట్టనా అంటే ఆ. వద్దా అంటే ఆ.

పేరాచారిని పిలిపించి నన్ను ఊడదీయించాడు. నా చోట ఒక పల్చటి తలుపు, పిల్లలు తోసినా తెరుచుకునేది పెట్టించాడు. నన్ను అడితికి అమ్మేయమని ఆచారి అన్నాడు. సత్యానందం ఒప్పుకోలేదు. వేదమణి పట్టుకుని నడవడానికి వసారా గోడ పొడవునా ఒక కర్రగా బిగించమన్నాడు. టేకు అందుకు మంచిదేనని, చేతికి పేడు గుచ్చుకోదని, చెమటకి పాడవదని ఆచారి నన్ను నిలువునా కోసి, గుండ్రంగా నున్నగా చేసి, గోడకి బిగించి వెళ్లాడు.

సాయంత్రాలు ఆవిడ ఎడమ చేత్తో నన్ను పట్టుకుని, కాలు ఈడుస్తూ వసారా చివరిదాకా వెళ్తుంది. తిరిగి వచ్చేటప్పుడు నేను ఆవిడ కుడి పక్కన పడతాను కాబట్టి భర్త భుజం పట్టుకుంటుంది.

మొన్నొక సాయంత్రం నడుస్తూ నడుస్తూ అలసి ఆగింది. ఆయన పక్కనే నిలబడ్డాడు. ఇన్నాళ్లూ అడగలేనిది అప్పుడు అడిగాడు.

"వేదం, ఆ రోజు నన్ను పిలిచావా?"

"ఆ" అంది ఆవిడ.

ఆయన వంగి ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత, ఇంకా మెల్లగా, "పిలవలేదు కదూ?" అన్నాడు.

"ఆ."

ఆవిడ చేతి పక్కనే ఆయన నన్ను పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. పిలిచింది. విన్నది నేనొక్కదాన్నే.

కాసేపటికి ఆయన పట్టు వదిలి, "పద, వెళ్దాం" అంటూ ఆవిడకి భుజం అందించాడు.