పుట్టిల్లు తెలియని క్రియ

మా నిఘంటువు ఆఫీసులో ఎవరికి ఏ ఇంగ్లీషు క్రియ అప్పగిస్తే వాళ్లకు అదే పేరు. 'గెట్' అత్తయ్య, 'రన్' బాబాయ్, ఇలా. కొత్తగా చేరానని నాకు 'స్నీజ్' ఇచ్చారు, అంటే తుమ్మడం. ఆ పేరుతో నన్ను ఏడిపించని రోజు లేదు. ఇప్పుడు అలా పిలిచేవాళ్లే లేరు, దానికీ బెంగగానే ఉంటుంది.

'కీప్' మాత్రం మా పెద్దాయనది. అందరి పేజీలూ ప్రెస్సుకు వెళ్లిపోయినా ఆయనది కదల్లేదు. అది వెళ్లకపోతే పుస్తకం రాదు, పుస్తకం రాకపోతే ఆఫీసు మూసేస్తామని పైవాళ్లు తెగేసి చెప్పారు. అర్థాలన్నీ ఎప్పుడో తేలాయి: దగ్గర ఉంచుకోవడం, మాట నిలుపుకోవడం, కోళ్లను పెంచడం, పాలు విరగకుండా నిలవుండటం, అదే పనిగా వాగుతూ ఉండటం. చివరిదానికి ఉదాహరణ కావాలంటే అందరం రన్ బాబాయ్ వైపు చూసేవాళ్లం.

ఆగిందల్లా మూలం దగ్గరే. 'హెల్ప్'కి పక్క భాషల్లో అక్కచెల్లెళ్లున్నారు, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. 'కీప్'కి ఎవరూ లేరు. వెయ్యేళ్ల నాటి రాతల్లో కనిపిస్తుంది. అప్పట్లో పట్టుకోవడం, కనిపెట్టి చూడటం అని అర్థం. అంతకు ముందు అది ఎక్కడిదో ఎవరూ తేల్చలేదు.

"తెలియదని రాసేద్దాం మాస్టారూ," అని గెట్ అత్తయ్య బతిమాలేది.

"నా అనేవాళ్లు లేని మాటని వీధిలోకి ఎలా తోసెయ్యమంటావమ్మా? ఎక్కడో ఓ చెల్లెలైనా ఉండకపోదు," అనేవాడు పెద్దాయన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఈలోగా ఆయన కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్‌కి తీసుకెళ్తే నర్సు అడిగింది. "మీవాళ్లెవరైనా వచ్చారా?"

"నాకెవరూ లేరమ్మా," అన్నాడు, టైమెంతో చెప్పినంత మామూలుగా.

నాకు ఒళ్లు మండింది. ఆయన వెనకే గెట్ అత్తయ్య ఫ్లాస్కుతో, రన్ బాబాయ్ దిండు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. నర్సు మమ్మల్ని ఎగాదిగా చూసి, "మరి వీళ్లంతా ఎవరండీ?" అంది.

"ఆఫీసు..." అనబోయి ఆగాడు.

"ఎవరి కోసం మాస్టారూ పొద్దుటి నుంచి పడిగాపులు పడుతున్నాం?" అని అరిచేశాను.

మర్నాడు, కట్టు విప్పకముందే, నన్ను పిలిపించాడు.

"కాగితం తీసుకో. మూలం తెలియదు. తోబుట్టువులెవరూ దొరకలేదు. రాశావా?"

"ఇంకా వెతుకుదామన్నారుగా?"

"చాల్లే. పుట్టిల్లు లేదని ఇన్నేళ్లూ దాని తరఫున ఏడ్చాను. ఇన్ని ఇళ్లు దాన్ని తమ మాటే అనుకుంటున్నాయి కదా, అది తోచలేదు నాకు."

రాస్తుంటే నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. ఆయన కట్టు కట్టిన మొహం నా వైపు తిప్పి, "పేజీ వెళ్తోందని మావాళ్లకి చెప్పు," అన్నాడు.