కింద ఉండే మనిషి

"మరి కింద ఎవలుంటరు?" అన్నాడు బాలేష్.

మాధవీలత పెరట్లో నల్లా దగ్గర కూర్చుని బొచ్చె చేపకు పొలుసు తీస్తోంది. పొలుసులు ఎగిరి జుట్టుకు అంటుకుంటున్నాయి. మొగుడు గడప మీద నిలబడి ఫోను చూసుకుంటూనే అడిగాడు. వినడానికి ప్రశ్నలాగే ఉంటుంది గానీ ఆ ఇంట్లో దానికి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. ఆమె పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ జవాబు నల్లా దగ్గరో పొయ్యి దగ్గరో కూర్చునే ఉంది.

షామీర్‌పేట నుంచి ఎటు ప్రయాణం కట్టినా వాళ్లదొక పద్ధతి. వెనక బండిలో గ్యాసు పొయ్యి, సిలిండరు, గంజులు, నూరిన మసాలా, ఉల్లిగడ్డల సంచి, ఐసు డబ్బాలో మాంసం. గుట్టయినా కోటయినా కింద నీడ చూసి చాపలు పరిచి పొయ్యి వెలిగిస్తారు. చూసేవాళ్లు పైకి వెళతారు. వాళ్లు దిగి వచ్చేసరికి కూర ఉడికి ఉండాలి. కూర దానంతట అది ఉడకదు కాబట్టి ఒక మనిషి కింద ఉండాలి. సంచులకు కాపలా ఉండటానికీ, నిద్రపోయిన పిల్లల్ని ఒళ్లో వేసుకోవడానికీ కూడా ఆ మనిషే పనికొస్తుంది.

భువనగిరి కోటకు వెళ్లినప్పుడు తృప్తి కడుపులో ఉంది, అందుకని మాధవీలత కింద ఉంది. మెదక్ వెళ్లినప్పుడు తృప్తి చంకలో ఉంది, అందుకని ఉంది. ఎల్లోరా వెళ్లేనాటికి తృప్తి తండ్రి కంటే ముందు మెట్లెక్కేంత పెద్దదయింది, అయినా ఉంది. కారణాలు ఒక్కొక్కటే అయిపోయాయి గానీ అలవాటు మిగిలిపోయింది. చరిత్ర ముఖ్యమైన సబ్జెక్టుగా డిగ్రీ చదివిన మనిషి ఎల్లోరాలో బండ్లు ఆగే చోట, జామకాయలమ్మే ముసలామె పక్కన కూర్చుని రోజంతా గడిపింది. సాయంత్రం బాలేష్ దిగి వచ్చి, చేతులు కడుక్కోకుండానే ఫోను ఆమె ముందు పెట్టి "ఇగో, నీ హిస్టరీ" అన్నాడు. ఫొటోల్లో ప్రతి స్తంభం ముందూ అతనే నిలబడి ఉన్నాడు, స్తంభం సగం కనబడకుండా. ఏ ఊళ్లో నల్లా ఎక్కడుందో, నీడ ఏ వేళకు ఎటు జరుగుతుందో, ఆడవాళ్లు పక్కకు వెళ్లే చోటు ఎంత దూరమో ఆమెను అడిగితే నిద్రలో లేపినా చెబుతుంది. పైన ఏముందో అడిగితే మాత్రం చెప్పలేదు.

ఈసారి వెళ్లేది దొంతులగుట్టకు. ములుగు అడవుల్లో, అభయారణ్యం లోపల, కుండలు దొంతి పెట్టినట్టు రాయి మీద రాయి నిలబడిన గుట్ట అది. దాని నడుము దగ్గర, పైరాయి చూరులా ముందుకు వచ్చిన చోట ఆదికాలపు మనుషులు కాపురం ఉన్నారు. మాధవీలత అల్వాల్ నుంచి లోకల్ రైల్లో కాలేజీకి పోయే రోజుల్లో చరిత్ర మేడం ఒక మధ్యాహ్నం గది చీకటి చేసి ఆ రాళ్ల బొమ్మలు గోడ మీద చూపించింది. ఎర్ర మన్ను పూసుకుని రాతికి అద్దిన అరచేతులు. అందులో ఒకటి మిగతావాటి కన్నా చిన్నది. "ఇది ఆడామె చెయ్యి అయివుండొచ్చు, పిల్లదీ అయివుండొచ్చు. చూసినవాళ్లే చెప్పాలి" అన్నది మేడం. చూడాలన్న కోరిక ఆ రోజు పుట్టింది. తర్వాత పెళ్లయింది.

మేడ్చల్‌లో బాలేష్‌కు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. దాన్ని ఆనుకుని సుధాకర్ రంగుల దుకాణం. ఏడాదికోసారి వాళ్లవీ, పక్కనున్న మరొకాయనదీ కుటుంబాలు కలిసి ఎటైనా పోతాయి. బండ్లు మాట్లాడటం, గదులు చూడటం, టికెట్లు, ఎవరికి ఏ మందు గోలీలు, ఎవరి పిల్లలు ఏం తినరు, ఇవన్నీ మాధవీలత నెత్తిన ఉంటాయి. "నువ్వు చదువుకున్నదానివి గద, నువ్వే జెయ్యి ఫోన్లు" అంటాడు బాలేష్. దాన్ని పొగడ్త అని ఆమె మొదట్లో అనుకుంది. తిరిగొచ్చాక "బాలేషన్న అరేంజ్‌మెంట్ అంటే మస్తుంటది" అని అందరూ అంటారు. దాన్ని అతను పొగడ్త అనే అనుకుంటాడు.

ఈ ఏడు మగవాళ్లు నీళ్ల ఆటల పార్కు అన్నారు. మాధవీలత ఎదురు చెప్పలేదు. గుట్ట సంగతి పిల్లల చెవిన వేసింది, సుధాకర్ భార్య చెవిన వేసింది. వారం తిరిగేసరికి బాలేష్ భోజనం దగ్గర కూర్చుని, ఈసారి అడవికి పోతున్నామనీ ఆ ఆలోచన తనదేననీ చెప్పాడు. ఆమె చారు వడ్డించింది. పని అయితే చాలు, మాట ఎవరి నోట ఉంటేనేం.

గైడు పేరు జనార్ధన్. అతను లేకుండా లోపలికి ఎవరినీ వదలరు. పది మందికి మించి ఒక జట్టుగా తీసుకుపోడు. పేర్లు ముందే ఇవ్వాలి. ఇనుప నిచ్చెన ఎక్కాలి, ఆ తర్వాత రెండు రాళ్ల సందులోంచి పక్కకు తిరిగి దూరాలి. గేటు అవతల పొయ్యి వెలిగించకూడదు, వండుకునేవాళ్లు బయట బండ్లు ఆపే చోట వండుకోవచ్చు. ఇవన్నీ ఫోనులో చెప్పి అతను, "మీకు మోకాళ్లు బాగున్నయా మేడం, నిచ్చెన ఎక్కుతరా" అని అడిగాడు. ఎక్కడికి పోతున్నా మాధవీలతను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఎక్కుతానని చెప్పి, పైన ఏమేం ఉన్నాయని అడిగింది. నూరుకున్న గుంటలున్నాయనీ, చూరుకు పొగ మసి ఇంకా ఉందనీ చెప్పాడు. "పొయ్యి జాగ గూడ పైననే మేడం. గా కాలపోళ్లు ఆడ, మగ అందరు పైననే ఉండిరి" అన్నాడు.

ఆ మాట ఆమెకు అన్నం కంటే ఎక్కువ బలం ఇచ్చింది. మేడ్చల్ పోయి గుడ్డ బూట్లు కొనుక్కుంది. తృప్తిని బడికి పంపాక రోజూ చెరువు కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. అత్తగారు రుక్కమ్మ ఆ బూట్లను చూసి, ఈ వయసులో పోలీసు కొలువు ఏమన్నా వచ్చిందా అంది. గుట్ట మీద ఏముంటుంది, రాళ్లే కదా అని కూడా అంది. రుక్కమ్మ ఈ మాట ఇప్పుడు కొత్తగా అన్నది కాదు. ఏ ప్రయాణానికైనా అంటుంది.

అందుకే ఆ రోజు బాలేష్ కింద ఎవరుంటారని అడిగినప్పుడు మాధవీలత మొదటిసారి జవాబు చెప్పింది. చేతిలోని చేపను బండ మీద పెట్టి, మోకాళ్ల నొప్పులని అత్తమ్మ ఎట్లాగూ ఎక్కదు, సంచుల దగ్గర ఉంటుంది, పులిహోర, గారెలు ఇంట్లోనే చేసి కట్టుకుపోదాం అంది.

"సల్లవడ్డది ఎవడు తింటడు? సుధాకర్ గాడు యాటకూరని ఇప్పటికే అందరికి చెప్పిండు" అని అతను లోపలికి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత జనార్ధన్ ఫోను చేశాడు. మాధవీలత అల్లం పొట్టు తీస్తోంది. ఎదురుగా రుక్కమ్మ గోంగూర తెంపుతోంది. చేతులు తడిగా ఉండి మాధవీలత స్పీకరు పెట్టింది.

"సారు ఫోన్ జేసిండు మేడం. సుధాకర్ సారు బామ్మర్ది వీరభద్రం అనేటాయన వస్తున్నడట. పది పేర్లు నిండినయి గద, మీ పేరు తీసి ఆయన పేరు పెట్టుమన్నడు. మీకు పానం బాగలేదట గద? బుకింగ్ మీదే గాబట్టి ఒక మాట అడుగుతున్న."

రుక్కమ్మ చేతిలో గోంగూర కట్ట ఆగింది.

మాధవీలతకు ముందు కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. తన ఒంట్లో ఎట్లా ఉందో తనకు తెలియకుండా అడవిలో ఉన్న మనిషికి తెలిసింది. పదేళ్ల కింద ఆడపడుచు పెళ్లిలో జ్వరంతో నూరు మందికి వండినప్పుడు "నీకేమైంది, గుండ్రాయి లెక్కున్నవ్" అన్న నోరే ఇప్పుడు ఆమెకు పానం బాగలేదని చెప్పింది. ఆ వంటిల్లు, ఆ పొలుసులు, జామకాయల ముసలామె, ఫోనులో స్తంభం ముందు నిలబడ్డ మనిషి, అన్నీ ఒకదాని మీద ఒకటి దొంతి పెట్టినట్టు ఆమె ఎదుట నిలబడ్డాయి. అడుగు రాయి కదిలితే ఏమవుతుందో చూడాలనిపించింది.

"నా పానం బాగనే ఉన్నది" అంది. "నా పేరు ఉండనియ్యి. వీరభద్రం పేరు రాసుకో. బాలేష్ పేరు తీసెయ్యి."

"సారు పేరా మేడం? సారుకు ఎరుకనేనా?"

"ఎరుకైతది."

ఫోను పెట్టేసి మళ్లీ అల్లం అందుకుంది. అత్తగారు ఏదో ఒకటి అంటుందని తెలుసు. కొడుకు ఇంటికి రాగానే చెబుతుందనీ తెలుసు. రుక్కమ్మ గోంగూర ఆకులన్నీ చాటలో ఒక పక్కకు చేర్చి, పుల్లలు ఒడిలో వేసుకుని లేచింది.

"వాడు ఉప్పు ఎక్కువేస్తడు బిడ్డా" అంది. "ఉప్పు డబ్బల సగమే పొయ్యి."

ఆ సాయంత్రం బాలేష్ వచ్చాక మాధవీలత అతనికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. అతను చెబితే తానూ చెప్పాలనుకుంది. నీ పేరు తీయించిన అని ఒక్క మాట అంటే, నేనూ నీది తీయించిన అనేది. ఇద్దరూ పోట్లాడుకునేవాళ్లు, ఏదో ఒకటి తేలేది. అతను చేప ముళ్లు ఏరుకుంటూ, ఉల్లిగడ్డలు ఇంకొన్ని ఎక్కువ కట్టమన్నాడు, మనిషి పెరిగిండు అని. అంతే. మర్నాడు కూడా అంతే. ఆమె ఉల్లిగడ్డలు కట్టింది.

దొంతులగుట్ట చేరేసరికి ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. గేటు బయట చాపలు పరిచారు, పొయ్యి దించారు. మాధవీలత బూట్లు తొడుక్కుని తాళ్లు బిగిస్తుంటే బాలేష్ చూసి, వండేదానికి బూట్లెందుకని నవ్వాడు. సుధాకర్ కూడా నవ్వాడు. జనార్ధన్ పేర్లు చదివి ఒక్కొక్కరినీ గేటు లోపలికి పంపాడు. తృప్తి వెళ్లింది, సుధాకర్ వాళ్లు వెళ్లారు, వీరభద్రం వెళ్లాడు. మాధవీలత పేరు పిలవగానే ఆమె వెళ్లింది. అక్కడితో పేర్లు అయిపోయాయి.

"నా పేరేది?" అన్నాడు బాలేష్.

జనార్ధన్ మాధవీలత వైపు చూశాడు. ఆమె గేటు లోపల నిలబడి మొగుడి ముఖంలోకి చూసింది.

"నేనే తీయించిన" అంది. "నువ్వు నాది తీయించినవు గద."

బాలేష్ ముఖం నల్లబడింది. అందరి ముందర ఏంది గిది అన్నాడు, గొంతు తగ్గించి. పేరు తీయించినప్పుడు ఎవరి ముందర అడిగినవ్ అందామె, గొంతు తగ్గించకుండా. వీరభద్రానికి ఏం చేయాలో తోచక, తాను ఉంటాను బాలేషన్నను పోనిమ్మన్నాడు.

"ఆయన మొదటిసారి వచ్చిండు, ఆయనెందుకుంటడు?" అంది మాధవీలత. "ఇన్నిసార్లు పైకి పోయినోళ్లు ఒక్కసారి కింద ఉంటరు."

బాలేష్ సుధాకర్ వైపు చూశాడు. సుధాకర్ ఆమె చేతి కూర ఎన్ని గుట్టల కింద తిన్నాడో అతనికే గుర్తొచ్చినట్టుంది, బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు. బాలేష్ చివరకు తల్లి వైపు తిరిగి, నువ్వన్న చెప్పవే అమ్మా అన్నాడు.

రుక్కమ్మ చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కొడుకునూ కోడలినీ కాసేపు చూసింది.

"నేనేం చెప్పాలె కొడకా. కింద కూసునుడు పెద్ద కష్టమేం గాదు. బతుకంత కూసున్న నేను" అంది. "గుట్ట మీద ఏమున్నదని అడిగితే, రాళ్లే అని మీ నాయిన చెప్పిండు. అది నిజమో కాదో కోడలు చూసొచ్చి చెప్తది."

మాధవీలత గేటు దగ్గరికి వచ్చి భుజం మీది సంచి తీసి బాలేష్‌కు అందించింది. మసాలా నీలం డబ్బాలో ఉందనీ, నల్లా గేటు పక్క గది వెనకాల ఉందనీ చెప్పింది. ఎండ ఎక్కాక నీడ అటు జరుగుతుంది, చాప జరుపుకోవాలి. అత్తమ్మకు గోలీ అన్నం తిన్నాక ఇవ్వాలి, ముందు కాదు. అవన్నీ మొదటిసారి బడికి పోయే పిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. వాటిల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. అవి తెలుసుకోవడానికి ఆమెకు చాలా గుట్టలు పట్టాయి.

నిచ్చెన గట్టిగా పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది. రాళ్ల సందు దగ్గర, నీ ఒళ్లుకు గుట్టలు కావాల్నా అని బాలేష్ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. ఊపిరి బిగబట్టి పక్కకు తిరిగింది. రాయి వీపునూ రొమ్మునూ ఒరుసుకుంది, చీర కుచ్చిళ్లు ఎక్కడో పట్టుకుని చిరిగాయి, అటు తేలింది.

అక్కడ చల్లగా ఉంది. పైన రాయి చూరులా వంగి ఉంది, దాని నిండా పాత మసి. కింద బండలో నూరి నూరి పడిన గుంట. మాధవీలత వంగి పిడికిలి అందులో పెట్టింది, సరిగ్గా పట్టింది. ఎర్ర చేతుల వరుస గోడ మీద ఉంది. ముట్టుకోవద్దని జనార్ధన్ ముందే చెప్పాడు. ఆమె ఆ చిన్న చేతికి ఎదురుగా, జానెడు ఎడంగా, తన చెయ్యి గాలిలో ఎత్తి పట్టింది. ఆడామెదే. మేడం అడిగిన ప్రశ్నకు ఇన్నాళ్లకు ఆమె తన జవాబు తాను చెప్పుకుంది.

మిగతావాళ్లు ఫొటోలు దిగుతుంటే ఆమె అంచున ఉన్న కమ్మీ దగ్గరికి వెళ్లి నిలబడింది. చాలాసేపు అట్లాగే కిందికి చూస్తూ ఉండేసరికి తృప్తి వచ్చి పక్కన నిలబడింది.

"ఏం చూస్తున్నవ్ అమ్మా? డాడీ కోసమా?"

"కాదు బిడ్డా" అంది. "నేను ఇన్నేండ్లు కూసున్న జాగ పైకెళ్లి ఎట్ల కనవడ్తదో చూస్తున్న."

తృప్తి కూడా వంగి చూసింది. చెట్ల సందున ఒక చాప, ఒక గంజు, సన్నగా పొగ.

"ఎట్లున్నది?"

"చాన చిన్నగున్నది" అంది మాధవీలత.