ఎనిమిదడుగుల లోతు

హాస్టల్ వెనక మ్యాన్‌హోల్ మూతను గడ్డపారతో ఓరగా జరిపి, వెదురుబద్దను లోపలికి తోశాడు హనుమాండ్లు. నాలుగుసార్లు ఆడించేసరికి ఇరుక్కున్న ప్లాస్టిక్ సంచి ఊడి, నీళ్లు బుడబుడమని కిందికి దిగాయి. అరవై రెండేళ్ల మనిషి. సిమెంటు తినేసిన వేళ్ల చివర్లు పగుళ్లు బారాయి. తట్టలు మోసిన ఎడమ భుజం కుడిదానికంటే కిందికి వాలిపోయింది.

"పెద్ద లైను మంచిగనే ఉన్నది. మీ ఇంటి పైపుల్నే అడ్డం పడ్డది" అని హాస్టల్ వాళ్లకు చెప్పి చేతులు కడుక్కున్నాడు.

పెద్ద లైను ఎందుకు బాగుండదు? అమీర్‌పేటలో, జావా, ఒరాకిల్ కోచింగు బోర్డుల మధ్య నలిగే ఈ సందులో ఐదేళ్ల కిందట దాన్ని వేసింది తనే. కార్పొరేషన్ పని తీసుకున్న పెద్ద కాంట్రాక్టరు, పైపుల పని ఇతనికి అప్పజెప్పాడు. మధ్యలో కాగితం లేదు. ఈ పనుల్లో కాగితం అడిగే మొనగాడెవడు, చెప్పండి? కందకం తవ్వాక కార్పొరేషన్ ఇంజనీరు వచ్చి లోతు కొలిచి పుస్తకంలో ఎక్కించాలి. ఆ తర్వాతే మట్టి పూడ్చాలి. ఆ సంగతి హనుమాండ్లును నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అయినా ఆ వానల్లో, కోచింగుకు పోయే పిల్ల ఒకతె కందకంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, మనవాడి మనసు ఆగలేదు. ఇంజనీరు కోసం చూడకుండా సాయంత్రానికల్లా మొత్తం పూడ్పించేశాడు.

ఇంకేముంది, కాంట్రాక్టరుకు పండగైంది. ఎనిమిదడుగులు తవ్వినా లోతు మూడడుగులేనని, ఆ మేరకే డబ్బిచ్చి చేతులు దులుపుకున్నాడు. పాలమూరు నుంచి తెచ్చిన కూలీల నోట మట్టి కొట్టలేక, హనుమాండ్లు యూసుఫ్‌గూడలో ఉన్న రెండు గదుల ఇల్లు అమ్మి వాళ్లకు కట్టాడు. తర్వాత కోర్టు మెట్లు అరిగేలా తిరిగాడు.

ఇవాళ తేలిపోతుంది. కోర్టు పంపిన కమిషనర్ ముందు రోడ్డు తవ్వి చూస్తారు. ఒక్క చోటే తవ్వాలి, ఐదింటికల్లా పూడ్చాలి. అంతకే అనుమతి. ఆ చోటు హనుమాండ్లే చూపించాడు.

పదకొండింటికి అతని లాయరు రత్నమాల వచ్చింది. "ఏంటండీ హనుమాండ్లు గారూ, మొహం అలా ఉంది? ఏమైనా తిన్నారా?"

"పైపు కనబడనీయమ్మా. తర్వాత తింట."

ఇద్దరు కూలీలు తవ్వుతున్నారు. మూడడుగులు దాటింది. మట్టే. ఐదడుగులు. మట్టే. కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు వంశీధర్ ఫోను చెవి నుంచి తీసి, "ఇక్కడసలు లైనే లేదండీ. లేదని రాసేసుకోండి" అన్నాడు. కమిషనర్ గడియారం చూసుకున్నాడు.

"గీడనే ఉన్నది సారూ. నేనేసిన పైపు నాకెరుక లేదా" అన్నాడు హనుమాండ్లు. అన్నాడే గానీ లోపల అనుమానం మొదలైంది. కొత్త రోడ్డు వేశాక పెద్ద లైను మూతలతో సహా గుర్తులన్నీ చెరిగిపోయాయి. రెండడుగులు పక్కకు చూపించి ఉంటే? ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. పట్టించుకోలేదు.

నాలుగు కావస్తుండగా గడ్డపార ఖంగుమంది. హనుమాండ్లు గుంట అంచుకు వంగి, మట్టి కింద సిమెంటు పైపు వీపు చూశాడు. ఐదేళ్లలో అంత సంతోషం అతనికి దక్కలేదు. కూలీ టేపు కొసను పైపు మీద పెట్టి, కదలకుండా ఇటుక బరువు పెట్టాడు. పైన గుంటకు అడ్డంగా వేసిన గడ్డపారకు టేపు బిగించి కమిషనర్ చదివాడు. ఎనిమిదడుగుల రెండంగుళాలు.

హనుమాండ్లు వెళ్లి జిరాక్సు షాపు మెట్టు మీద కూర్చున్నాడు. కొలత కాగితం మీద సంతకానికి రత్నమాల పిలిచింది. పలకలేదు. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని వెళ్లి భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగిపోయాడు. కూలీలిద్దరూ ఎత్తి, ఆసుపత్రికని ఆటోలో వేసుకున్నారు. ఆమె కూడా ఎక్కింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో ఆగేసరికే అతని ఊపిరి ఆగిపోయింది.

సందులో వంశీధర్ కమిషనర్‌కు దగ్గరగా జరిగాడు. "వాది సంతకం లేదు కదండీ, ఈ కొలత మీద రేపు మేం అభ్యంతరం పెడతాం. చెయ్యకుండా వెళ్లిపోయాడని రాయండి."

సిగ్గన్నా ఉండాలి. కమిషనర్ ఆటో పోయిన వైపు ఒకసారి చూశాడు. చివరికి అలాగే రాసి, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లాడు.

ఐదు దాటింది. పూడ్చడానికి కూలీలు తిరిగి రాలేదు. క్లాసులు వదిలిన పిల్లలు గుంట పక్కనుంచి ఒదిగి నడుస్తున్నారు. టేపు తీయడం ఎవరికీ గుర్తులేదు. పైపు మీద ఇటుక కింది కొస నుంచి పైన గడ్డపార దాకా అలాగే నిటారుగా సాగి ఉంది.